బీడీ తాగేవాడెవడు?

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు కబురు పెట్టినప్పుడు, పూర్వ విద్యార్థులు మామూలుగా రాసే "ఆ రోజులే వేరు" వ్యాసం ఒకటి రాసి పంపిద్దామనుకున్నాను. హాస్టలు మెస్సు, గోదావరి వరద, ఫైనలియర్ టూరు - సరుకంతా సిద్ధంగానే ఉంది. కాని కాయితం ముందు కూర్చున్నాక చెయ్యి అటు పోలేదు. ఈ కళాశాల వదిలి వెళ్లేటప్పుడు నా వెనక ఒక బాకీ వదిలి వెళ్లాను. దాని సంగతి చెప్పకుండా మిగతా కబుర్లు చెప్పడం మర్యాదగా తోచలేదు.

బాకీ కథకు ముందు, నేడు మన కుర్రవాళ్ల నోట తరచుగా వినబడుతున్న ఒక మాట గురించి చెప్పాలి. "టోకెన్ ఎకానమీ" అంటారు దాన్ని. బ్లాక్‌చెయిన్ అనే చెరపరాని లెక్కల పుస్తకం మీద నడిచే ఆటలున్నాయి. ఆడినవాడికి ఆ ఆటలో నాణేలు వస్తాయి. ఆ నాణేలను బయట బజారులో అమ్ముకుని రూపాయలు చేసుకోవచ్చు. మామూలు ఆటలో డబ్బు పెట్టి ఆడతాం, యీ ఆటలో ఆడి డబ్బు సంపాదిస్తాం - ఇదీ దాని గొప్ప. ఆ నాణేలు ఎన్ని పుట్టాలి, ఎట్లా ఖర్చవాలి, ధర పడిపోకుండా ఎట్లా నిలబెట్టాలి అని లెక్కలు కట్టే ఉద్యోగాలు కూడా వచ్చాయి. హైదరాబాదులో నేను పనిచేస్తున్నచోట కిందటేడు నన్నే అలాంటి లెక్క ఒకటి వేసిపెట్టమన్నారు. వేశాను. వేస్తున్నకొద్దీ మా ఊరి కల్లం గుర్తుకొచ్చింది.

2021 వేసవి. కరోనా రెండో విడత. కళాశాల మూతబడి పాఠాలు ఫోనులోకి వచ్చాయి. మాది దుమ్ముగూడెం దాటి అడవి అంచున ఉన్న పల్లె. ఇంట్లో సిగ్నలు దొరకదు, ఊరి చివర చింతచెట్టు కింద మాత్రం రెండు గీతలు వస్తాయి. ఆ చెట్టు కిందే పాఠాలు విన్నాను. ఆ చెట్టు కిందే ఆటలోనూ చేరాను. ఆట పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా.

చేరాలంటే ముందు మూడు బొమ్మలు కొనాలి. ఆ బొమ్మలతో పోట్లాడితే రోజూ ఇన్ని నాణేలు వస్తాయి. రెండు బొమ్మల్ని జతచేసి, కొన్ని నాణేలు తగలేస్తే కొత్త బొమ్మ పుడుతుంది. దాన్ని కొత్తగా చేరేవాడికి అమ్ముకోవచ్చు. అమ్మ ఆ వేసవిలో తునికాకు కోసిన డబ్బులు తొమ్మిది వేలు, నా స్కాలర్‌షిప్‌లో మిగిలినవి తొమ్మిది వేలు - మొత్తం పద్దెనిమిది వేలు అందులో పెట్టాను. అమ్మకు కంప్యూటరు కోర్సు ఫీజు అని చెప్పాను.

మొదటి నెల రోజుకు నూట యాభై దాకా గిట్టింది. రెండో నెలకు అరవై అయింది. దసరా నాటికి ఇరవై. సంక్రాంతికి ఒక టీ కూడా రాలేదు. అన్నీ కలిపితే చేతికి వచ్చింది పదకొండు వేలు. నష్టం ఏడు వేలు. ఇంతవరకైతే ఇది నా తెలివితక్కువ కథ. దీనికి సంచికలో చోటు అక్కర్లేదు.

కాని ఆగస్టులో, ఇంకా అరవై రూపాయలు వస్తున్న రోజుల్లో, హాస్టల్లో నా జూనియర్లు ఇద్దరికి దీన్ని గురించి గొప్పగా చెప్పాను. "నిజంగా వస్తయా అన్నా?" అని అడిగారు. ఫోను తీసి నా బ్యాంకు మెసేజీలు చూపించాను. ఇద్దరూ చెరి పదిహేను వేలు తెచ్చారు. నేను పుట్టించిన బొమ్మలు రెండు వాళ్లకే అమ్మాను. నాకు వచ్చిన పదకొండు వేలల్లో నాలుగు వేలు అచ్చంగా ఆ ఇద్దరు పిల్లల డబ్బే. మిగతా ఏడు వేలూ నేను పేరెరుగని మరే పిల్లల డబ్బో. నాకు లాభం ఎక్కడినుంచి వచ్చిందో ఆనాడు నేను ఆలోచించలేదు. ఆలోచించకపోవడమే ఆ ఆటకు పెట్టుబడి.

కల్లంలో అడిగిన ప్రశ్న

మరుసటేడు వేసవిలో నేనూ అమ్మతో ఆకుకు వెళ్లాను. పట్టణాల మిత్రుల కోసం ఆ పని ఎట్లా ఉంటుందో చెబుతాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదల కొమ్మలు కొడతారు. కొట్టినచోట ఏప్రిల్ ఆఖరుకి లేత చిగురు వస్తుంది. తెల్లవారుజామున అడవిలోకి వెళ్లి కోసుకొచ్చి, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నీడన కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కడతారు. సాయంత్రం కల్లానికి తీసుకెళ్తే కల్లేదారు లెక్కపెట్టి కార్డులో రాస్తాడు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. కార్డులో రాసిన అంకె చేతిలో డబ్బుగా మారేసరికి రోజులూ వారాలూ పడుతుంది. ఆలోగా ఆ కార్డే మా పాస్‌బుక్కు, మా టోకెనూ.

ఒక సాయంత్రం కట్టలు వరసల్లో ఆరబెడుతూ ఉండగా అమ్మకు నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాసేపు ఊరుకుని అడిగింది:

"ఆ పైసలు నీకు ఇచ్చిందెవరు బిడ్డా?"

"ఆట కంపెనీ."

"కంపెనీకి ఎవరిస్తారు?"

"కొత్తగా చేరేవాళ్లు."

"వాళ్లకు?"

"వాళ్ల తర్వాత చేరేవాళ్లు."

అమ్మ కట్ట తిరగేస్తూ అంది: "మన ఆకుకైతే బీడీ తాగేటోడు ఉన్నాడు. మీ దానికి తాగేటోడు ఎవడు?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ టోకెన్ ఎకానమీ మీద ఇంత సూటి ప్రశ్న లేదు. మా కార్డులోని అంకెకు విలువ ఎందుకుంది? ఆ ఆకు కాంట్రాక్టరు గోదాముకు పోయి, అక్కడినుంచి బీడీలు చుట్టే ఊళ్లకు పోయి, ఎక్కడో ఒకడు రెండు పీల్పులు పీల్చి పారేస్తాడు. పారేసినవాడు ఆ డబ్బు తిరిగి రావాలని ఆశించడు. బీడీ మంచిదని నేననడం లేదు, దాని అనర్థం అందరికీ తెలిసిందే. నేను చెప్పేది లెక్క. డబ్బు తిరిగి ఆశించకుండా ఖర్చుపెట్టేవాడు ఒక కొసన ఉంటేనే, ఇంకో కొసన ఉన్నవాడికి కూలి గిడుతుంది. ఆ కొసన మనిషి లేనిరోజున కాంట్రాక్టరు రాడు. కాంట్రాక్టరు రాని యూనిట్లో ఆ ఏడు కల్లమే ఉండదు.

లెక్క చూద్దాం

ఉపాధ్యాయులు నవ్వుకోకపోతే ఒక చిన్న లెక్క వేస్తాను. ఇది ఊహించిన లెక్కే, ఏ కంపెనీదీ కాదు.

ఒక ఆటలో వెయ్యిమంది ఉన్నారు. ఒక్కొక్కడు రోజుకు వంద నాణేలు పుట్టిస్తాడు. అంటే రోజుకు లక్ష నాణేల ఊట. ఆ నాణేలకు ఉన్న ఒకే ఒక ఉపయోగం కొత్తవాడికి బొమ్మలు పుట్టించడం. ఒక కొత్తవాడికి కావలసిన బొమ్మల కోసం ఇరవై వేల నాణేలు తగలబడతాయి. అదీ ఇంకుడు. ఊటా ఇంకుడూ సరిపోవాలంటే రోజుకు అయిదుగురు కొత్తవాళ్లు చేరాలి. అయిదుగురే కదా, ఎంతసేపు?

అయితే చేరిన అయిదుగురూ మర్నాటినుంచి తలా వంద నాణేలు పుట్టిస్తారు. కాబట్టి కావలసిన కొత్తవాళ్ల సంఖ్య కూడా పెరుగుతూ పోతుంది. రోజుకు వెయ్యికి అయిదు చొప్పున పెరుగుదల అంటే 139 రోజులకు ఆటగాళ్లు రెట్టింపు కావాలి. వెయ్యి రెండు వేలు, రెండు నాలుగు వేలు. నాలుగేళ్లు నిండకుండా పది లక్షలు దాటాలి. తొమ్మిదేళ్లు నిండకుండా భూమ్మీద ఉన్న జనమంతా, ఉయ్యాలలో పసిపిల్లలతో సహా, ఆ ఆటలో చేరాలి. ఆ మర్నాడు?

నిజానికి అంతదాకా రానక్కర్లేదు. ఒక వారం కొత్తవాళ్లు తగ్గినా చాలు. నాణేలు మిగిలిపోతాయి, ధర దిగుతుంది, దిగిందని పాతవాళ్లు ఉన్నవి అమ్ముతారు, ఇంకా దిగుతుంది, దిగే ఆటలోకి కొత్తవాడు రాడు.

ఇది మన చీటీపాట వంటిదే గదా అంటారు కొందరు. కాదు. చీటీలో ఇరవైమంది అంటే ఇరవైమందే, ఇరవై నెలలంటే ఇరవై నెలలే. లోపలికి వచ్చిన సొమ్మెంతో కమీషను పోను బయటికి వెళ్లేది అంతే. ప్రతివాడికీ ఒకసారి పాట వస్తుంది, ఆఖరివాడికి కూడా. యీ ఆట సభ్యుల పట్టీ లేని, ఆఖరి నెల లేని చీటీ. ఆఖరివాడు ఎవడో ఎవరికీ తెలియదు, వాడికి మాత్రమే తెలుస్తుంది.

ప్రపంచం చూసిన ఉదాహరణ

యీ లెక్క ఊహ మాత్రమే కాదు. వియత్నాంకు చెందిన స్కై మావిస్ అనే సంస్థ 2018లో "యాక్సీ ఇన్ఫినిటీ" అనే ఆట మొదలుపెట్టింది. మూడు బొమ్మల జట్టు, పోరాటం, గెలిస్తే ఎస్.ఎల్.పి. అనే నాణెం. కరోనా కాలంలో ఫిలిప్పీన్స్‌లో పనులు పోయిన కుటుంబాలు దీనిమీద అన్నం తిన్నాయి. అది కాదనకూడదు. ముందు చేరినవాళ్లు నిజంగానే సంపాదించారు. 2021 జూలైలో ఆ నాణెం ధర అమెరికా లెక్కలో ముప్పై, నలభై సెంట్ల మధ్యకు ఎగబాకింది. ఆ ఏడాది చివరకు రోజువారీ ఆటగాళ్లు ఇరవై లక్షలు దాటారు. తగలబడుతున్న నాణేలకన్నా పుడుతున్నవి ఎన్నో రెట్లు ఎక్కువయ్యాయి. 2022 ఫిబ్రవరిలో కంపెనీవారే మేలుకుని, రోజువారీ పనులకు ఇచ్చే నాణేలను ఆపేశారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ ఏడాది మధ్యకు ధర ఒక్క సెంటుకు కూడా దిగువకు వెళ్లింది.

ఆ ఆటలోని ఇంకో విశేషం మన ప్రాంతం వారికి బాగా అర్థమవుతుంది. జట్టు కొనే స్తోమత లేనివాడికి ఉన్నవాడు తన బొమ్మలు ఇచ్చి ఆడిస్తాడు. వచ్చిన నాణేల్లో ఇంత వాటా వాడికి, ఇంత వీడికి. దీనికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు "స్కాలర్‌షిప్". మన భాషలో దీన్ని పాలికి ఇవ్వడం అంటారు. కాకపోతే పాలికి ఇచ్చిన పొలంలో కనీసం వడ్లు పండుతాయి. ధర పడినా వండుకు తినొచ్చు.

గిరిజన సహకార సంస్థ 1956లో ఎందుకు పుట్టిందో మన చరిత్ర మేష్టార్లు చెప్పగలరు. గంపెడు చింతపండుకు గుప్పెడు ఉప్పు కొలిచే షావుకారు నుంచి అడవి మనిషిని తప్పించడానికి. సరుకు కొనేదీ వాడే, ఉప్పు అమ్మేదీ వాడే, కొలమానమూ వాడిదే. అదే ఆ షావుకారు బలం. యీ ఆటల్లో కూడా నాణెం పుట్టించేదీ, బొమ్మ ధర నిర్ణయించేదీ, నియమం మార్చేదీ ఒక్కరే. సంతకు రంగు మారింది, తక్కెడ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మారలేదు.

రసీదు వేరు, రొక్కం వేరు

"బ్లాక్‌చెయిన్ మీద ఉంది గదా, ఎవరూ మోసం చెయ్యలేరు" అని నేను కూడా నా జూనియర్లకు చెప్పాను. అందులో సగం నిజం ఉంది. ఒకసారి రాసిన పద్దును తర్వాత చెరపలేని పుస్తకం అది. అటువంటి పుస్తకం మంచిదే. కల్లంలో లెక్క తక్కువ రాశారని ఏటా ఎక్కడో ఒకచోట తగాదా పడే మాకు దాని విలువ తెలుసు. చిట్‌ఫండ్ కంపెనీల లెక్కలను ఆ పద్ధతిలో నమోదుచేసే ఏర్పాటు తెలంగాణ ప్రభుత్వం చేసింది కూడా.

కాని భద్రాద్రి పక్కన పుట్టినవాళ్లం, రసీదుకూ రొక్కానికీ తేడా మనకు ఒకరు చెప్పాలా? పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడు. ఆరు లక్షల లెక్క తేలలేదని తానీషా ఆయన్ను గోల్కొండ చెరలో పెట్టాడు. కథలో ఏం జరిగింది? రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీలుగా వెళ్లి ముందు మాడలు కుప్పపోశారు, ఆ తర్వాత రసీదు పుచ్చుకున్నారు. దేవుడైనా రసీదు ఒక్కటే పట్టుకెళ్లి గోపన్నను విడిపించలేదు. బ్లాక్‌చెయిన్ ఇచ్చేది చక్కని రసీదు. మాడలు ఎవరో ఒకరు తేవాలి.

ఆ రసీదు పుస్తకానికైనా తలుపులు గట్టిగా ఉండాలి. 2022 మార్చిలో యాక్సీ ఆటకు సంబంధించిన రోనిన్ వంతెన మీద దాడి జరిగింది. తొమ్మిది తాళాల్లో అయిదు తెరిస్తే చాలు అన్న ఏర్పాటులో దొంగలు ఆ అయిదూ సంపాదించి, 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన సొమ్ము ఎత్తుకుపోయారు. ఇది ఉత్తర కొరియా ముఠా పని అని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ప్రకటించింది. పద్దులన్నీ పుస్తకంలో భద్రంగానే ఉన్నాయి. సొమ్మే లేదు.

ఏడుకు ఆరు

మా తాతగారి తరం రెండు నాణేల సరిహద్దులో బతికింది. ఖమ్మం వైపు నిజాం రాజ్యం, హాలీ సిక్కా చలామణి. గోదావరి దాటి భద్రాచలం వస్తే మద్రాసు రాజధాని, తూర్పు గోదావరి జిల్లా, అక్కడ ఇంగ్లీషువారి కల్దారు రూపాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. హాలీ సిక్కాకు కాలం చెల్లింది కూడా ఆ ఏడాదే.

ఇందులో మనం గమనించవలసింది ఏమంటే, హాలీ సిక్కా ఊరికే నిలబడలేదు. ఆ రూపాయితో శిస్తు కట్టొచ్చు. అంటే దాన్ని వెనక్కు పుచ్చుకునే సర్కారు ఒకటుంది. రాజ్యం పోయినా ఆ నాణెం ఒక్కరోజులో చిత్తుకాయితం కాలేదు. కొన్నేళ్లు గడువిచ్చి, ఏడుకు ఆరు లెక్కన మార్చిపెట్టే బాధ్యత కొత్త ప్రభుత్వం తీసుకుంది. ఆట కంపెనీ మూతబడిన రోజున నీ చేతిలోని నాణేన్ని ఏడుకు ఆరు కాదు గదా, ఏడు వేలకు ఒకటి చొప్పునైనా మార్చే నాథుడెవడు? నా ఆట మూసేసినప్పుడు నాకొచ్చింది ఒక ఈ-మెయిలు. అందులో "మీ ప్రేమకు ధన్యవాదాలు" అని ఉంది.

నిలిచేది ఎట్లా?

అయితే టోకెన్ ఆటలన్నీ దగా, యీ విద్యే వద్దు అనడం నా ఉద్దేశం కాదు. లెక్క తెలిసి కడితే నిలబడే ఆట కట్టవచ్చు. దానికి పాఠం కూడా మన అడవిలోనే ఉంది.

తపసి చెట్టు బంక మందుల్లోనూ తినుబండారాల్లోనూ వాడతారు, విదేశాలకు పోతుంది. ఒకప్పుడు గిరాకీ పెరిగినకొద్దీ గొడ్డలితో లోతుగా నరికి బంక తీశారు. మొదటేడు బాగా కారింది. తర్వాత చెట్లు నిలువునా ఎండిపోయాయి. అప్పుడు గిరిజన సహకార సంస్థా, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషనూ బంక తీసేవారికి వేరే పద్ధతి నేర్పాయి: చిన్న గాటు పెట్టు, లోపలి కర్రకు తగలనివ్వకు, గాయం మానేదాకా ఆగు. అంటే బజారులో ధర ఎంత ఉందని కాదు, చెట్టు ఎంత ఇవ్వగలదని చూసి తీసుకో. మా కోయ గూడేల్లో కొత్తల పండుగ చెయ్యనిదే కొత్త పంట నోట పెట్టరు. పిందె దశలో కోసుకుపోకుండా ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టడి అది. ఇవాళ కంప్యూటరువాళ్లు "నాణేల విడుదల పట్టిక" అని పెద్ద పేరు పెట్టి చేసేది ఇదే పని. తేడా ఒక్కటే. పండుగ తేదీని ఊరు నిర్ణయిస్తుంది, పట్టికను కంపెనీ రాత్రికి రాత్రి మార్చుకోగలదు.

ఆటల లోకంలోనే మంచి ఉదాహరణ ఒకటుంది. ఐస్‌లాండ్ దేశపు సి.సి.పి. సంస్థ 2003లో మొదలుపెట్టిన "ఈవ్ ఆన్‌లైన్" ఇరవై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది. అది బ్లాక్‌చెయిన్ ఆట కాదు. అంతరిక్షంలో ఓడలు, వ్యాపారం, యుద్ధం. యుద్ధంలో పేలిపోయిన ఓడ పోయినట్టే. మళ్లీ కావాలంటే ఎవడో గని తవ్వాలి, ఎవడో తయారుచెయ్యాలి, వీడు కొనుక్కోవాలి. 2007లోనే వాళ్లు ఒక ఆర్థికశాస్త్రవేత్తను ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఎంత నాణెం పుట్టింది, ఎంత ఇంకింది, ఎంత సరుకు ధ్వంసమైంది అని ప్రతినెలా నివేదిక ప్రకటిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, "ఆడు, సంపాదించు" అని వాళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆటగాడు నెలనెలా తన డబ్బు కట్టేది సరదా కోసం, సినిమా టిక్కెట్టు కొన్నట్టు. అంటే బీడీ తాగేవాడు అక్కడ ఉన్నాడు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. టోకెన్ ఆట నిలబడేదీ లేనిదీ నాణేల మొత్తానికి హద్దు పెట్టడంలో లేదు. హద్దు పెట్టినంత మాత్రాన అక్కర్లేని వస్తువు అక్కరకు రాదు. నాణేలు తగలేసే ఉపాయాల్లోనూ లేదు. రేపు ఎక్కువ వస్తుందన్న ఆశతో తగలేసింది ఇంకినట్టు కాదు, రేపటికి వాయిదా పడినట్టు. ఆట నచ్చి, తిరిగి రాదని తెలిసి, సంతోషంగా ఖర్చుపెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారో వాళ్ల ఖర్చే ఆ ఆటకు అసలు ఆదాయం. ఆడినవాళ్లకు పంచేది అందులో భాగమే కావాలి. కొత్తగా చేరినవాడి ప్రవేశపు సొమ్మును పాతవాడికి లాభంగా పంచిన రోజున అది ఆట కాదు.

చట్టం కూడా ఆలస్యంగానైనా ఇటు చూసింది. 2022 నుంచి ఇటువంటి డిజిటల్ ఆస్తుల అమ్మకపు లాభం మీద నూటికి ముప్పై పన్ను ఉంది. ఒకచోట నష్టాన్ని మరోచోట లాభంతో సర్దుకోవడానికి వీల్లేదు. పందెపు ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, డబ్బుగా మార్చుకోగల నాణేలనూ టోకెన్లనూ కూడా పందెం కిందే లెక్కించింది. చట్టం మంచిదే. కాని చట్టం హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉంటుంది. చింతచెట్టు కింద రెండు గీతల సిగ్నలుతో కూర్చున్నవాడి దగ్గర ఉండేది వాడి బుర్ర ఒక్కటే.

మిత్రులతో రెండు మాటలు

మన కళాశాలలో చదివేవాళ్లలో చాలామంది ఏజెన్సీ పల్లెలనుంచీ, సింగరేణి కార్మికుల ఇళ్లనుంచీ వచ్చినవాళ్లు. మీలో కొందరిని రేపు ఎవరో ఒకరు ఇటువంటి ఆటలోకి పిలుస్తారు. పేరు మారవచ్చు, బొమ్మలకు బదులు బూట్లో భూములో అమ్మవచ్చు. మరికొందరిని, నన్ను పిలిచినట్టు, లెక్కలు వేసిపెట్టమని ఉద్యోగానికే పిలుస్తారు. మొదటి వారికన్నా రెండో వారికే నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను. పోయేవాడు తన పద్దెనిమిది వేలు పోగొట్టుకుంటాడు. లెక్క వేసేవాడు లక్షమంది పద్దెనిమిది వేలు పోగొట్టగలడు.

కిందటేడు నాకిచ్చిన ఆ లెక్కలో చివరి గడి ఒకటి ఖాళీగా వదిలాను. అందులో "తిరిగి ఆశించకుండా ఖర్చుపెట్టేవారు - నెలకు ఎంత?" అని రాసి, ఆ అంకె మీరు ఇస్తేనే మిగతా అంకెలు నిలుస్తాయన్నాను. వారం రోజులు మాట్లాడుకున్నారు. చివరకు ఆ పని వేరేవాళ్లకు అప్పగించారు. నా ఉద్యోగం పోలేదు, ఇంక్రిమెంటు మాత్రం ఆ ఏడు రాలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ గడి నింపమని అడగడానికి ఎంత ఖర్చవుతుందో మీకు ముందే తెలిస్తే మంచిదని చెబుతున్నాను.

ఆర్థికశాస్త్ర, కంప్యూటరు విభాగాల అధ్యాపకులకు ఒక మనవి. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం రెండు విభాగాల పిల్లలనూ ఒకచోట కూర్చోబెట్టి, నడుస్తున్న ఒక ఆట తాలూకు ఊటా ఇంకుడూ నల్లబల్ల మీద వేయించండి. గంటన్నర పని. నా రోజుల్లో అటువంటి గంటన్నర ఉండి ఉంటే ముగ్గురి డబ్బు మిగిలేది.

ఇక బాకీ సంగతి. ఆ ఇద్దరు జూనియర్లలో ఒకతనికి కిందటేడు పదిహేను వేలూ ముట్టజెప్పాను. తీసుకోవడానికి మొహమాటపడ్డాడు, బలవంతం చేశాను. రెండో అతను నా ఫోను ఎత్తడం మానేసి చాలాకాలమైంది. అతని తప్పు కాదు. అతనికి యీ సంచిక పంపుతారని సంఘం వారు చెప్పారు.

తమ్ముడూ, నువ్వు "నిజంగా వస్తయా అన్నా?" అని అడిగినప్పుడు నేను చూపించిన మెసేజీలు నిజమే. ఆ డబ్బు ఎవరిదో చూపించలేదు. నీ పదిహేను వేలు నా దగ్గర వేరుగా పెట్టి ఉన్నాయి. నీ ఖాతా నంబరు ఒక్కటి పంపు. మాట్లాడాలనిపిస్తేనే మాట్లాడు.